ఇంటర్నేషనల్ స్కూలు "మీ బాబుకు లెర్నింగ్ సపోర్ట్ కావాలి" అంటే ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు

మీరు రాసినదాని సారాంశం ఇదీ. గాజువాకలో ఉంటారు. బాబు ఋషికొండ వైపు ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో నాలుగో తరగతి. మాటల్లో మహా చురుకు, పుస్తకం చేతికిస్తే మాత్రం నీరుగారిపోతాడు. స్కూలువాళ్లు పిలిచి అసెస్‌మెంట్ (ఇబ్బంది ఎక్కడుందో తేల్చే సైకాలజిస్టు పరీక్ష) చేయించమన్నారు, మీ ఖర్చుతో షాడో టీచర్‌ను, అంటే తరగతిలో బాబు పక్కనే కూర్చుని సాయం చేసే మనిషిని, పెట్టమన్నారు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమన్నారు. అలా చేయకపోతే వచ్చే ఏడాది సంగతి ఆలోచించాల్సి ఉంటుందన్నారు. మీ మామగారేమో ఇదంతా బద్ధకం, రెండు తగిలిస్తే దారికొస్తాడంటున్నారు. ఈమధ్య బాబు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. స్కూలు మార్చేయాలా అని మీ ప్రశ్న.

నేను విశాఖలో చాలా ఏళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు నేర్పే టీచర్‌గా, పనిచేస్తున్నాను. కొంతకాలం ఒక స్కూల్లో లెర్నింగ్ సపోర్ట్ విభాగం కూడా చూశాను, కాబట్టి బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లు ఏం ఆలోచిస్తారో నాకు తెలుసు. నా అభిప్రాయం ముందే చెబుతాను. స్కూలు ఇప్పుడే మార్చకండి. షాడో టీచర్‌కు ఇప్పుడే సరే అనకండి. తెలుగు ఎప్పటికీ మానకండి. అసెస్‌మెంట్ చేయించండి గానీ, ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా వచ్చే సోమవారం నుంచి తరగతిలో ఏం మారుస్తారో రాతపూర్వకంగా అడగండి. సాయం మొదలుపెట్టడానికి టీచర్‌కు డాక్టరు కాగితం అక్కర్లేదు.

కడుపునొప్పి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మీరు దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నాకు అదే అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది. ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. అక్కడ ఏమీ తేలకపోతే, నొప్పి వచ్చిన రోజులను క్యాలెండర్ మీద గుర్తు పెట్టి పక్కన స్కూలు టైంటేబుల్ పెట్టి చూడండి. డిక్టేషన్ ఉన్న రోజు, అందరి ముందూ పైకి చదవాల్సిన రోజు, ఫలానా టీచర్ పీరియడ్ ఉన్న రోజు, ఏదో ఒక వరుస బయటపడుతుంది. పిల్లవాడు అబద్ధం ఆడటం లేదు. భయం నిజంగానే కడుపులో నొప్పిగా వస్తుంది. ఆ పీరియడ్ ఏదో తెలిస్తే స్కూలును అడగాల్సిన మొదటి మార్పు మీ చేతికి దొరికినట్టే: బాబును అప్పటికప్పుడు లేపి పైకి చదివించవద్దు, చదవాల్సిన పేరా ముందురోజే ఇంటికి పంపండి. ఇందుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బస్సులో గానీ, బాత్రూముల దగ్గర గానీ ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగితే పిల్లలు లేదనే అంటారు. "బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? లంచ్‌లో ఎవరితో తింటావు?" అని అడిగితే మాట వస్తుంది.

తర్వాత కళ్లు, చెవులు. బోర్డు చదవగలుగుతున్నాడు కదా అని కంటి పరీక్ష వదిలేయకండి, దగ్గరి చూపులోనూ తేడా ఉండవచ్చు. తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరే పిల్లలకు కొన్నాళ్లు మాట మందంగా వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒకదానికొకటి దగ్గరగా ఉండే శబ్దాలు వాళ్లకు పట్టుబడవు. ఈ రెండు పరీక్షలూ లేకుండా నేరుగా పేరు పెట్టేసే అసెస్‌మెంట్‌ను నేను నమ్మను.

ఇక ఇంట్లో ఒక గంట తీరిక చేసుకుని ఒక పని చేయండి. సైన్సు పాఠంలో ఒక పేజీ మీరు చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు వేయండి. తర్వాతి పేజీ బాబునే చదవమని, అలాంటివే మరో నాలుగు ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చకచకా చెప్పి, తానుగా చదివినప్పుడు తెల్లమొహం వేస్తే చిక్కు తెలివిలో లేదు. అక్షరాన్ని శబ్దంగా మార్చుకునే చోట ఉంది. రెండింటిలోనూ జవాబు రాకపోతే అదే విషయాన్ని తెలుగులో చెప్పి చూడండి. తెలుగులో చెప్పగానే అర్థమైతే ఇంగ్లిష్ ఇంకా పట్టుబడలేదని అర్థం. దానికి కావలసింది భాషలో సాయం, అది వేరే పని. తెలుగులోనూ, వింటూ కూడా పట్టుకోలేకపోతే అప్పుడు శ్రద్ధ, జ్ఞాపకశక్తి, భాష గ్రహించే శక్తి, ఈ వైపు చూడాలి.

ఈ తేడా పెద్దవాళ్లు ఎంత తేలిగ్గా పోల్చుకోలేకపోతారో ఒక ఉదాహరణ చెబుతాను. ఐదో తరగతి అమ్మాయి ఒకరిని "లెక్కలు రావు" అని రాసి నా దగ్గరకు పంపారు. కాగితం మీద ఇంగ్లిష్‌లో ఉన్న లెక్క ఇది: డజను అరటిపళ్లు 60 రూపాయలైతే ఏడు పళ్లు ఎంత? ఆ పిల్ల చాలాసేపు పెన్సిల్ కొన నమిలి, చివరికి కాగితాన్ని నా వైపు జరిపేసింది. నేను అదే లెక్క ఇంగ్లిష్‌లోనే పైకి చదివాను. పెన్సిల్ ముట్టుకోకుండానే "పండు అయిదు, ఏడు అయిదులు ముప్పై అయిదు" అంది. అప్పటికే ఇంట్లో ఆమెకు లెక్కల ట్యూషన్ నడుస్తోంది. లెక్క ఆమెకు ఏనాడూ కష్టం కాదు, ఆ వాక్యమే కష్టం.

బాబుకు స్కూల్లో తెలుగు కూడా నేర్పుతుంటే అది కూడా చదివించి చూడండి. మన లిపిలో దాదాపు ప్రతి అక్షరానికీ శబ్దం స్థిరం. కాబట్టి చదవడంలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా పలక, కమల లాంటి మాటలు లాక్కొచ్చేస్తారు. కానీ నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి వత్తుల మాట దగ్గర ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో మాత్రమే తడబడి తెలుగు హాయిగా చదివే పిల్లవాడి సంగతి వేరు, రెండింటిలోనూ ఈడ్చుకొచ్చే పిల్లవాడి సంగతి వేరు. ఈ ఒక్క పరిశీలన రాసి తీసుకెళ్తే సైకాలజిస్టుకు సగం పని తగ్గుతుంది. అసెస్‌మెంట్ చేసేవాళ్లకు తెలుగు వచ్చి ఉండాలని నేను పట్టుబట్టేదీ అందుకే.

ఇంట్లో తెలుగు మానేయమన్న సలహాను మాత్రం మర్యాదగా తిరస్కరించండి. కథ చెప్పడం, కారణం వివరించడం, వాదించడం, ఇవన్నీ పిల్లవాడు ముందు ఇంటి భాషలోనే నేర్చుకుంటాడు. ఆ బలం మీదే రెండో భాష నిలబడుతుంది. తల్లిదండ్రులు తమకు పూర్తిగా పట్టులేని ఇంగ్లిష్‌లోకి మారితే ఇంట్లో సంభాషణ "తిను, పడుకో, హోంవర్క్ చేయి"లకు కుంచించుకుపోతుంది. ఇంటర్నేషనల్ స్కూళ్లలో నడిచే బోర్డుల్లో ఒకటైన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) తన స్కూళ్లను భాషా విధానం రాసుకోమని, పిల్లల మాతృభాషకు అండగా ఉండమని కోరుతుంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతిదాకా ఇంటిభాషలో బోధన ఉండాలంటుంది. ఇంటర్నేషనల్ స్కూలు అన్నంత మాత్రాన అమ్మ భాష అడ్డంకి అయిపోదు.

అసెస్‌మెంట్ విషయానికొస్తే, మీ బాబుకు సరైన వయసే. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిర్దిష్ట అభ్యసన వైకల్యాల (చదవడంలో ఇబ్బంది అయిన డిస్లెక్సియా లాంటివి) స్క్రీనింగ్, అంటే తొలి పరిశీలన, మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, స్కూలే చేయాలి. ఆ తర్వాత పిల్లల డాక్టరు చూపు, వినికిడి పరీక్షించాలి. అటుపైన సైకాలజిస్టు ఐక్యూ పరీక్ష, నిమ్‌హాన్స్ బ్యాటరీ (అభ్యసన వైకల్యాన్ని తేల్చే పరీక్షల సమూహం) చేస్తారు. వైకల్య సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఇస్తారు, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షిస్తారు. కాబట్టి స్కూలును నిలదీయకుండానే అడగండి: మూడో తరగతిలో స్క్రీనింగ్ చేశారా, చేస్తే ఆ కాగితం ఏది?

ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరకు వెళ్తే పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రిపోర్టు మీద ఆ నంబరు లేకపోతే రేపు బోర్డు దగ్గర అది చెల్లకపోవచ్చు. సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) కావాలంటే ప్రభుత్వ వైద్యుల దగ్గరికే వెళ్లాలి. మన ఊళ్లో కేజీహెచ్, వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మానసిక వైద్యశాల అన్న పేరు చూసి జంకవద్దు, మీరు వెళ్లేది పరీక్షకు. రిపోర్టులో "ఐక్యూ ఇంత, డిస్లెక్సియా ఉంది" అని రెండు ముక్కలు రాసి పంపిస్తే ఒప్పుకోకండి. ఏ విభాగంలో ఎంత స్కోరు, చదివే వేగం ఏ తరగతి స్థాయిలో ఉంది, స్పెల్లింగ్‌లో ఎలాంటి తప్పులు, తరగతిలో ఏం చేయాలి, ఇవన్నీ ఉండాలి. ఐక్యూ అంకెను బాబుకు గానీ బంధువులకు గానీ చెప్పకండి. రంగు కళ్లద్దాలు, మెదడు వ్యాయామాల ప్యాకేజీలు అంటూ ఎవరైనా వస్తే డబ్బు పెట్టకండి. వాటితో చదవడం రాదు.

మీరు అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఐఈపీ, అంటే ఆ ఒక్క పిల్లవాడి కోసం రాసే విద్యా ప్రణాళిక. స్కూళ్లలో అందమైన ఫైళ్లు ఉంటాయి. ఫైలు చూసి సంతోషించకండి, లోపలి వాక్యం చదవండి. "చదవడంలో మెరుగుపడాలి, ఆత్మవిశ్వాసం పెరగాలి" అని ఉంటే అది ప్రణాళిక కాదు. నేను ఒప్పుకునే వాక్యం ఇలా ఉంటుంది: "ఇప్పుడు మూడో తరగతి స్థాయి కొత్త పేరాను నిమిషానికి 38 పదాలు, తొమ్మిది తప్పులతో చదువుతున్నాడు. పది వారాల్లో నిమిషానికి 60 పదాలు, నాలుగుకు మించని తప్పులతో చదవాలి. వారానికి నాలుగు రోజులు, రోజుకు 30 నిమిషాలు, ఫలానా స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పుతారు. ప్రతి శుక్రవారం ఒక నిమిషం చదివించి నమోదు చేస్తారు." ఇందులో ఇప్పుడు ఎక్కడున్నాడో ఉంది, ఎక్కడికి చేరాలో ఉంది, ఎవరి బాధ్యతో, ఎప్పుడో ఉంది. వీటిలో ఏది లోపించినా ఏడాది చివర "మేం ప్రయత్నించాం" అన్న మాటే మిగులుతుంది.

ఏ పద్ధతిలో నేర్పుతారో కూడా అడగండి. శబ్దాలనూ అక్షరాలనూ ఒక వరుసలో, తేటగా, చూస్తూ వింటూ రాస్తూ, వచ్చేదాకా మళ్లీ మళ్లీ నేర్పే పద్ధతి కావాలి. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ అనే పేరు వినిపిస్తే ఆ కోవలోదే. తరగతిలో అందరికీ ఇచ్చిన వర్క్‌షీటునే పక్కగదిలో కూర్చోబెట్టి చేయించడం సపోర్ట్ అనిపించుకోదు. ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఆ అరగంటను ఆటల పీరియడ్‌లోంచి, బొమ్మల పీరియడ్‌లోంచి తీయనివ్వకండి. చదువులో రోజంతా ఓడిపోయే పిల్లవాడు గెలిచే చోటు అదొక్కటే. దాన్ని తీసేసి చదువు నేర్పితే వాడు చదువును మరింత ద్వేషిస్తాడు.

ప్రణాళికలో అకామడేషన్, మాడిఫికేషన్ అని రెండు మాటలు వస్తాయి. మొదటిదానిలో పాఠం అదే. ఎక్కువ సమయం, ప్రశ్న చదివి వినిపించడం, నోటితో జవాబు, ఇలా దారి మాత్రమే మారుతుంది. రెండోదానిలో పాఠాన్నే తగ్గిస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి బాబుకు మొదటిది చాలు. మీకు తెలియకుండా రెండోదానిలో పెడితే నాలుగేళ్ల తర్వాత తోటివారికి అందనంత వెనకబడి ఉంటాడు. కాబట్టి ఏది ఇస్తున్నారో సబ్జెక్టువారీగా రాయించుకోండి.

షాడో టీచర్ గురించి. తరగతిలో కూర్చోలేక బయటికి పరిగెత్తే పిల్లలకు, మాటల్లో చెప్పుకోలేని పిల్లలకు, తమకు తాము దెబ్బ తగిలించుకునే పిల్లలకు షాడో టీచర్ ఎంతో మేలు చేస్తారు. మీ బాబు ఇబ్బంది చదవడంలో. పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని చెవిలో జవాబులు చెబుతుంటే చదవడం రాదు, స్నేహితులు దూరమవుతారు, టీచర్ కూడా ఆ పిల్లవాడి వైపు చూడటం మానేస్తారు. అయినా స్కూలు పట్టుబడితే మూడు ప్రశ్నలు వేయండి: ఆ మనిషికి ఏం శిక్షణ ఉంది, ఎవరు పర్యవేక్షిస్తారు, ఎన్ని నెలల్లో ఎలా తగ్గిస్తారు? మూడోదానికి జవాబు లేకపోతే ఒప్పుకోవద్దు.

నాలుగో తరగతికి బోర్డు పరీక్షల మాట ఎందుకని అనుకోకండి. మన ఊళ్లో ఇంటర్నేషనల్ అని బోర్డు ఉన్న స్కూళ్లలో చాలావాటిలో నడిచేది సీబీఎస్‌ఈ, కొన్నిటిలో కేంబ్రిడ్జ్ లేదా ఐబీ. ఏదో కనుక్కోండి, నియమాలు దాన్ని బట్టే ఉంటాయి. సీబీఎస్‌ఈలో అర్హులైన పిల్లలకు మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం, స్క్రైబ్ (చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషి), సబ్జెక్టుల ఎంపికలో వెసులుబాటు ఉన్నాయి. కేంబ్రిడ్జ్, ఐబీలకు స్కూలే దరఖాస్తు పెట్టాలి. అక్కడ వాళ్లు ప్రధానంగా చూసేది ఒకటే: ఈ సాయం పిల్లవాడికి తరగతిలో రోజూ ఇస్తున్నదేనా? పదో తరగతిలో హఠాత్తుగా అదనపు సమయం అడిగితే కుదరదు. అందుకే ఇప్పటి నుంచే ప్రతి యూనిట్ టెస్టులో ఇచ్చిన సాయం నమోదు కావాలి. శ్రద్ధకు సంబంధించిన ఏడీహెచ్‌డీ అని తేలితే ఒక సంగతి గుర్తుంచుకోండి: 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో అది విడిగా లేదు. కాబట్టి సర్టిఫికెట్ దారి వేరు, స్కూల్లో సాయం దారి వేరు. ఆ పేరు పెట్టాల్సింది డాక్టరే, స్కూలు కోఆర్డినేటర్ కాదు.

"వచ్చే ఏడాది ఆలోచించాల్సి ఉంటుంది" అన్న మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని రాశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి సౌకర్యాలు కల్పించాలి, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన చేయాలి. దీన్ని బెదిరింపుగా వాడకండి. మొదటి మీటింగులోనే చట్టం పేరు ఎత్తితే టీచర్లు బిగుసుకుపోతారు, మీకు కావలసింది వాళ్ల సహకారం. మీటింగ్ అయ్యాక "ఈరోజు మాట్లాడుకున్నవి ఇవి, మీరు చేస్తామన్నవి ఇవి, ఏదైనా తప్పుంటే సరిచేయండి" అని ఈమెయిల్ పెట్టండి, అది చాలు.

పిల్లల క్షేమం చూసే ఏర్పాట్లు ఎలా ఉన్నాయో కూడా అదే మీటింగులో అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరుచేయడం, అందరి ముందూ అవమానించడం కూడదు. ఈ తీర్పు మన ఊళ్లో చదువుకుంటున్న పిల్ల ప్రాణం పోయాక వచ్చింది. ఈ ఊళ్లో ఉన్న ఏ స్కూలూ తెలియదనడానికి వీల్లేదు. కాబట్టి కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, అడ్మిషన్ల పని కూడా ఆమెకే అప్పగించారా, బాబు ఆమెతో చెప్పిన మాట ఎవరిదాకా వెళ్తుంది అని నిర్మొహమాటంగా అడగండి. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. బాబు మాటల్లో ఎప్పుడైనా లైంగిక వేధింపు ఛాయ కనిపిస్తే స్కూలుతో సర్దుబాటు మాటే వద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి, తెలిసి దాచడం పోక్సో చట్టం కింద నేరం. ఇంట్లో పెద్దవాళ్లకు మనసు బాగోలేకపోయినా 14416 టెలి మానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మామగారితో వాదన పెట్టుకోకండి. పైన చెప్పిన పేజీ పరీక్షను ఆయన చేతే చేయించండి. ఆయన చదివి వినిపించి, మనవడి జవాబులు విని, ఆ తర్వాత వాడు చదువుతూ చెమటలు కక్కడం కళ్లారా చూస్తే, మీరు చెప్పనక్కర్లేదు. రాత్రిళ్లు కథలు చదివి వినిపించే పని కూడా ఆయనకే ఇవ్వండి. రానూ పోనూ బస్సులో రెండు గంటలు పోయే పిల్లవాడికి ఇంట్లో చదివే పని పదిహేను నిమిషాలు దాటకూడదు. మిగతా హోంవర్క్ తగ్గించమని స్కూలునే అడగండి.

స్కూలు ఎప్పుడు మార్చాలి? రెండు మీటింగుల తర్వాత కూడా ఏదీ రాసి ఇవ్వనంటే, ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ ఒక్కరే స్కూలంతటికీ చాలక బాబుకు వారంలో ఒక్క పీరియడ్ కూడా దొరకకపోతే, లేదా ఏ టీచరైనా అందరి ముందూ బాబును తక్కువ చేసి మాట్లాడాక యాజమాన్యం ఆ టీచర్‌నే వెనకేసుకొస్తే, అప్పుడు మార్చండి. అప్పుడు కూడా భవనం, ఈత కొలను చూసి కాకుండా, ఇంటికి దగ్గరగా ఉండి, "మా స్పెషల్ ఎడ్యుకేటర్‌తో ఇప్పుడే మాట్లాడండి" అని పిలిచే స్కూలును చూడండి. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు ఒకసారి తిరిగి రండి. ఫీజు తక్కువైనా ఓపిక ఉన్న టీచర్లున్న చోటు బాబుకు మేలు.

ముందు ఈ వారం ఆ పేజీ పరీక్ష చేసి, కడుపునొప్పి రోజులు రాసిపెట్టి, మీటింగ్ అడగండి. స్కూలు ఇచ్చే ఐఈపీలోని లక్ష్యాలను, బాబు పేరు, స్కూలు పేరు తీసేసి ఇక్కడ పెడితే, ఏ వాక్యం మార్పించాలో చూసి చెబుతాను.